భీమవరంలో ఆపరేషన్స్ రీసెర్చ్ సాయంత్రపు తరగతులు: ఒక సమీక్ష

భీమవరంలోని ఒక శిక్షణ సంస్థ డిగ్రీ విద్యార్థులకు ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులను మెరుగ్గా వాడే తీరును లెక్కలతో తేల్చే శాస్త్రం)పై నడుపుతున్న ఈ తరగతులలో చెప్పుకోదగినది చరిత్ర భాగమే. 1930ల చివర ఇంగ్లండు తీరంలోని బాడ్సీ కేంద్రంలో, రాడార్ అందించే సమాచారాన్ని యుద్ధవిమానాలకు వేళకు ఎలా చేరవేయాలన్న చిక్కు నుండి ఈ శాస్త్రం రూపుదిద్దుకున్న తీరును అధ్యాపకులు తొందరపడకుండా వివరించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములపై విమానాలు జారవిడిచే బాంబులు మొదట్లో 100 అడుగుల లోతున పేలేలా అమర్చి ఉండేవనీ, విమానాన్ని చూసి మునగబోయే జలాంతర్గామి దాడి వేళకు ఇంకా పైనే ఉంటుందని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త బ్లాకెట్ బృందంలోని విలియమ్స్ లెక్కగట్టాక ఆ లోతును చివరకు 25 అడుగులకు తగ్గించారనీ చెప్పిన పాఠం అన్నింటిలోకీ ఉత్తమం. కొత్త ఆయుధమేదీ లేకుండానే ఫలితం మెరుగుపడిందన్న విషయం వెనుక వరుసలో కూర్చున్నవారికీ స్పష్టంగా అందింది.

యుద్ధానంతర భాగం మాత్రం పలుచగా ఉంది. అమెరికా గణితవేత్త డాంట్జిగ్ 1947లో రూపొందించిన సింప్లెక్స్ పద్ధతిని (పరిమితులకు లోబడి అతి తక్కువ ఖర్చు లేదా అతి ఎక్కువ లాభం వచ్చే మార్గాన్ని కనుగొనే లెక్క) పరీక్షల కోసమే అన్నట్లు ముగించారు. 1939లోనే సోవియట్ దేశంలో ఇటువంటి లెక్కలను పరిశీలించిన గణితవేత్త కాంటొరోవిచ్ ప్రస్తావనే లేదు. మన డెల్టా మిల్లుల నుండి కాకినాడ రేవుకు బియ్యం తక్కువ ఖర్చుతో చేర్చే లెక్కను అభ్యాసంగా ఇవ్వడం మెచ్చదగినది. రుసుము కొంచెం ఎక్కువే అయినా, అచ్చువేసి ఇచ్చిన నోట్సు శుభ్రంగా ఉంది.