టైర్ బిగించకముందే ఆ నాలుగు అంకెలు చూడండి: నల్లగొండ వాళ్లకు హెచ్చరిక

అన్నలూ అక్కలూ, ఎండలు ముదిరేలోపు కారు టైర్లు మార్పించాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే షాపుకు వెళ్లండి. నల్లగొండలో ఒక షాపువాళ్లు "ఫ్రెష్ స్టాక్ సార్" అని చెప్పి నాకు అంటగట్టినవి 2019లో తయారైన టైర్లు.

టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు. 1419 అంటే 2019లో 14వ వారం, ఏప్రిల్ మొదట్లో తయారైందన్నమాట. చాలా టైర్లకు ఈ తేదీ ఒక్కవైపే ఉంటుంది. వీళ్లు నాలుగింటికీ ఆ వైపును లోపలికి తిప్పి బిగించారు, బయటికి నల్లగా మెరిసే పాలిష్ తప్ప ఏమీ కనపడదు. (కొన్ని రకాల టైర్లకు ఏ వైపు బయటికి ఉండాలో కంపెనీయే రాస్తుంది, వాటికి తేదీ లోపలికి పోవచ్చు, అది మోసం కాదు. నావి అట్లాంటివి కావు.)

మిర్యాలగూడ నుంచి వస్తుంటే స్పీడు 80 దాటగానే స్టీరింగ్ వణికింది. అద్దంకి రోడ్డు మీద పంక్చర్ షాపాయన చక్రం విప్పి బోర్లా వేసి, రిమ్ము అంచు దగ్గర రబ్బరును బొటనవేలితో నొక్కాడు, సన్నటి పగుళ్లు వరుసగా విచ్చుకున్నాయి. పైన ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాళ్ల భాగం, ఒకచోట ఉబ్బింది కూడా. ఇంట్లో పిల్లలు ఎక్కే బండి, నాకు ఇప్పటికీ టెన్షన్ పోలేదు.

షాపుకు వెళ్లి అడిగితే "టైరేమన్నా పాలా పెరుగా సార్, పాడవడానికి? గాడి నిండుగా ఉంది కదా" అన్నాడు. ఇక్కడే మనం పడిపోతాం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే టైరు మార్చాలని అందరికీ తెలుసు, కానీ వాడకుండా మూలన పడి ఉన్న టైరుకు గాడి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. రబ్బరు మాత్రం గాలికి, వేడికి లోలోపల గట్టిపడి పెళుసవుతూనే ఉంటుంది. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ, కింద కాలే తారు, దానికి తోడు గాలి తక్కువుంటే టైరు నలిగి ఇంకా వేడెక్కి ట్రెడ్ ఊడొస్తుంది.

అందుకే టైరు రిమ్ముకు ఎక్కించకముందే నాలుగింటి తేదీలూ మీరే చదవండి, ఫొటో తీయండి, స్టెప్నీది కూడా. బిల్లు లేకుండా ఇస్తే జీఎస్టీ మిగులుతుందంటారు, ఒప్పుకోకండి, బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకోండి. నా దగ్గర బిల్లు ఉంది కాబట్టే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయగలిగాను.

ఈ మధ్య టైర్లు వేయించుకున్నవాళ్లు లోపలివైపు టార్చ్ వేసి చూసుకోండి. పాతవని తేలితే వెంటనే మార్పించండి, కానీ విప్పిన టైర్లను ఆ షాపులో వదిలి రాకండి, రేపు చూపించడానికి మన చేతిలో ఉండే సాక్ష్యం అవే.