పెళ్ళినాటి టేకు మంచం: ముప్ఫై ఏళ్ళు దాటాక నా మాట

అమలాపురం దగ్గర మా ఊరు. ఇంటి వెనకే కాలువ, చుట్టూ కొబ్బరితోట. వానలు మొదలైతే కార్తీకం దాకా గోడలకి చెమ్మ వదలదు, తలుపులు బిగుసుకుపోతాయి. ఇలాంటి చోట మా నవారు మంచం ఇన్నేళ్ళుగా ఎలా నిలిచిందో చెప్పాలని రాస్తున్నాను.

కర్ర కొన్నది కాదు. మా మావగారు పాత మండువా లోగిలి విప్పించినప్పుడు దిగిన టేకు దూలం. మేస్త్రి గారు అరుగు మీదే కూర్చుని చిత్రిక పట్టారు. మంచం పట్టెల కొసల్ని కోళ్ళకి, అంటే మంచం కాళ్ళకి, తొలిచిన బెజ్జాల్లో దిగ్గొట్టి, చెక్క మేకులు బిగించారు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడితే చుట్టూ ఉన్న కర్ర కూడా పాడవుతుందనేవారు. చెక్క మేకులు ఊడగొడితే మంచం ఏ ముక్కకి ఆ ముక్క విడిపోతుంది. పాడైన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

1996 నవంబరు 6 తుపానుకి పెంకులు లేచిపోయి వానంతా దీని మీదే కురిసింది. నవారు కుళ్ళింది. కర్రని నీడనే ఆరబెట్టి కొత్త నవారు అల్లించాం, అంతే.

ఒకసారి చెద పట్టింది. ఒక పట్టె అంచున సన్నటి తెల్లచెక్క, అంటే మాను బయటి వైపు ఉండే లేత కర్ర, ఉండిపోయింది, పట్టింది అక్కడే. గోటితో గీకితే పొడిలా రాలింది. చేవ, అంటే మాను లోపలి ముదురు కర్ర, మొదలైన చోట మాత్రం కత్తితో కోసినట్టు ఆగిపోయింది. టేకు చేవలో ఉండే నూనెలు చెదకి గిట్టవు, తెల్లచెక్కకి ఆ బలం లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. జరపాలంటే ఇద్దరు పట్టాలి. నవారు సాగుతుంది, మళ్ళీ బిగించాలి. బెజ్జాల్లో నల్లులు చేరితే మరిగే నీళ్ళు పోసి ఎండలో పెట్టాల్సిందే.

అదే గదిలో పెట్టిన పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) బీరువా రెండు వానాకాలాలకే అడుగున ఉబ్బింది. బందుల దగ్గర స్క్రూలు పట్టు వదిలేశాయి. మళ్ళీ బిగిద్దామంటే కన్నం చుట్టూ పొట్టే రాలుతోంది. బాగుచేయడానికి వీల్లేని సామాను ఎంత చవకైనా నాకు వద్దు. అది పోయి చెత్తలో పడుతుంది, దాని స్థానంలో ఇంకొకటి కొనాలి. మేస్త్రి కూలి ఎక్కువే, కాదనను. కానీ ఆ డబ్బు మా ఊళ్ళోనే ఒక పనివాడి ఇంటికి చేరింది.

మిగిలిన దూలం ముక్కతో ఇప్పుడు మా మనవడికి రాతబల్ల చేయిస్తున్నాం. మీరు పాత కర్ర కొనేటట్టయితే పాత మేకుల కన్నాలు ఎక్కడున్నాయో, తెల్లచెక్క ఎంత వెడల్పుందో చూసుకున్నాకే బేరమాడండి.