హీలింగ్ అన్నవాళ్ళు 7,500 తీసుకున్నారు, హీలింగ్ కాదన్నవాళ్ళు అన్నం పెట్టారు

"అందరికీ చోటుంది" అన్న ప్రకటన చూసి, భీమిలి వైపు ఒక రిసార్ట్‌లో జరిగిన యోగా, హీలింగ్ శిబిరానికి డబ్బు కట్టాను. పేరు చెప్పను, చెబితే వాళ్ళకి అదొక ప్రచారం. రెండు రాత్రులకి భోజనంతో కలిపి తలకు 7,500. వదినకీ నాకూ కలిపి 15,000. గిన్నెలు మోగించే సౌండ్ హీలింగ్ అందులో లేదనీ, దానికి వేరే 1,200 కట్టాలనీ అక్కడికి వెళ్ళాక తెలిసింది. చాప అద్దె 150. చాపకి అద్దె తీసుకునేవాళ్ళని నేను అక్కడే చూశాను.

వదినకి మోకాళ్ళు అరిగిపోయాయి. విజయనగరంలో ముప్పై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కిన కాళ్ళు అవి. ఫారంలో "నేల మీద కూర్చోగలరా" అని అడిగితే కూర్చోలేరని స్పష్టంగా రాశాను. తీరా చూస్తే హాలు మేడ మీద, లిఫ్టు లేదు, కుర్చీ లేదు. అడిగితే, "కుర్చీ వేస్తే సర్కిల్‌లో ఎనర్జీ తెగిపోతుంది మేడమ్" అంది నిర్వాహకురాలు. కింద రిసెప్షన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి ఉంటే నేనే ఒకటి మోసుకొచ్చాను. సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చుని మనసులో గాయాలు చెప్పుకోవాలి. నడిపించేదంతా ఇంగ్లీషులోనే. వదిన వంతు వచ్చింది. "ఈ కుర్చీ చెయ్యి విరిగిపోయింది, గుచ్చుకుంటోంది, ఇంకోటి ఇప్పించండమ్మా" అంది. నవ్వింది నేనొక్కదాన్నే.

ఇంతవరకూ అయితే సర్దుకుపోయేదాన్ని. హాస్టల్ పిల్లల సంగతే మింగుడు పడలేదు. పేద విద్యార్థినులకు ఉచిత సీట్లు ఉన్నాయని, మేము కట్టే డబ్బులో వాళ్ళ వాటా కూడా ఉందని ప్రకటనలో గొప్పగా రాశారు. ఆదివారం పొద్దున్న ఒక హాస్టల్ నుంచి ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళని చివరి వరసలో కూర్చోబెట్టారు. సూర్యనమస్కారాలు మాకంటే వాళ్ళే బాగా చేశారు. 2025లో విశాఖ తీరాన జరిగిన యోగాంధ్ర కోసం బళ్ళో నేర్పారట. ఫోటోలప్పుడు మాత్రం ముందుకి పిలిచారు. టిఫిన్ వేళకి మాకు హాల్లో బఫే, పింగాణీ ప్లేట్లు, అవకాడో టోస్టు. వాళ్ళకి జనరేటర్ షెడ్డు దగ్గర పేపరు ప్లేట్లలో ఉప్మా. తిన్నాక మా చాపలన్నీ వాళ్ళ చేతే చుట్టించి వ్యాన్ ఎక్కించేశారు.

అంతకుముందే వదిన తన ప్లేటు పక్కన పెట్టేసి షెడ్డు దగ్గరికి నడిచింది, వాళ్ళ మధ్య మెట్టు మీద కూర్చుని ఉప్మా పెట్టించుకుంది. "మీదాంట్లో ఉప్పు లేదు, ఇదే నయం" అంది వచ్చాక. డబ్బు వెనక్కి ఇవ్వమని నేను గొడవపడితే, వచ్చే శిబిరానికి 10 శాతం తగ్గిస్తామన్నారు. మధురవాడ దాకా వదిన నాతో మాట్లాడలేదు. కోపం వాళ్ళ మీదో, తీసుకెళ్ళిన నా మీదో తేలలేదు.

కాబట్టి ఆవిడని విజయరాయికి రమ్మనడానికి చాలానే బతిమాలాను. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో ఏలూరు, అక్కడి నుంచి చింతలపూడి రోడ్డులో 15 కిలోమీటర్లు, ఆటోకి 400. అక్కడ ఉన్నది ధమ్మ విజయ, ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో నడిచే విపశ్యన కేంద్రం. విపశ్యన అంటే మౌనంగా కూర్చుని ఊపిరినీ, ఒంట్లో తెలిసే స్పర్శల్నీ గమనించే ధ్యానం.

ఇది యోగా కాదు. పది రోజుల కోర్సులో ఆసనాలు కూడా ఆపేయమంటారు. జబ్బు నయం చేసుకోవడానికో, సెలవులు గడపడానికో రావద్దని నియమాల్లోనే ఉంటుంది. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్ళు రాకపోవడమే మంచిదని కూడా ముందే చెబుతారు. భీమిలి దెబ్బ తిన్నాక ఆ మాటలు చదివితే ప్రాణం లేచొచ్చింది. ఫీజు లేదు. కోర్సు చేసినవాళ్ళ విరాళాలతోనే నడుస్తుంది, చేయనివాళ్ళు ఇస్తామన్నా తీసుకోరు. ఫారంలో మోకాళ్ళ సంగతి రాస్తే హాల్లో వెనక వరసలో వదినకి కుర్చీ వేసి ఉంచారు. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఆరున్నరకి టిఫిన్, పదకొండింటికి భోజనం. వడ్డించేది ఇంతకుముందు కోర్సు చేసినవాళ్ళు, జీతాలు లేవు. ఫోన్లు తీసేసుకుంటారు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ వేరు వేరుగా ఉండాలి, మాట్లాడకూడదు. నాకు బాగా నచ్చింది ఈ మౌనమే. "మీరేమిట్లు?" అని అడిగే వీల్లేదు కదా! కులం తెలియకుండానే అన్ని రోజులూ ఒకే వరసలో నిలబడి అన్నం పెట్టించుకున్నాం, ఒకే కుళాయి దగ్గర కంచాలు కడుక్కున్నాం. పదో రోజు మాటలు మొదలవగానే ఒకావిడ ఆ ప్రశ్న వేయనే వేసింది. "కుట్టుమిషనోళ్ళం" అంది వదిన.

తిప్పలు లేవని కాదు. సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్ళకి టీ, పండు, అంతే. రాత్రి భోజనం ఉండదు. మొదట్లో వదిన ఆకలికి నిద్రపోలేదు. షుగరు ఉన్నవాళ్ళు ఫారంలో తప్పకుండా రాయండి. నాలుగో రోజు నుంచి గంటసేపు కదలకుండా కూర్చోమంటారు, నా నడుము పట్టేసింది. రికార్డులో గోయెంకా గారి పఠనం వదినకి జోలపాటలా ఉంది, నాకైతే చివరి దాకా అలవాటు కాలేదు. గదులు సాదాగా ఉంటాయి, దోమల మందు తీసుకెళ్ళండి. ఆసనాలే కావాలంటే మాత్రం అక్కడికి వెళ్ళొద్దు, మీ ఊరి పార్కే మేలు. హైదరాబాద్ వాళ్ళకి ఏలూరు దాకా రావాల్సిన పని లేదు, సాగర్ రోడ్డులో ఇలాంటిదే ధమ్మ ఖేత్త అనే కేంద్రం 1976 నుంచి ఉంది.

ఆఖరి రోజు వదిన విరాళంగా 2,000 ఇచ్చింది. నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు, రసీదు చూశాను.

తిరుగు ప్రయాణంలో గుంటుపల్లి బౌద్ధ గుహలకి వెళ్ళాం. ఆటో అతను 1,400 అడిగితే వదిన 1,100కి దింపింది. అన్ని రోజుల మౌనం బేరానికి అడ్డు రాలేదు. కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, చూడాల్సిందే. పైకప్పుని చెక్క వాసాల్లా చెక్కారు, లోపల స్తూపం. మెట్లు మాత్రం చాలానే ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎండెక్కక ముందే నెమ్మదిగా ఎక్కాలి. నీళ్ళ సీసాలు కామవరపుకోటలోనే కొనుక్కోండి.