బ్లూస్ట్రైప్ పైప్‌ఫిష్‌తో మూడేళ్ళు

ముందే చెప్పేస్తున్నా: ఈ చేపను పెంచడమంటే సగం పని దాని తిండిని పెంచడమే. అందుకు ఓపిక ఉంటే మాత్రం ఇంత అందమైన జీవి రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) మరొకటి ఉండదు, నా మటుకు.

వేలెడంత పొడవు. నారింజ రంగు ఒంటిమీద నీలిగీత, చివర విసనకర్రలా విచ్చుకునే తోక. సీహార్స్ కుటుంబమే కానీ దానిలా తోకతో దేన్నీ పట్టుకుని వేలాడదు. రాళ్ళ గుహల్లో, చాలాసార్లు తలకిందులుగా, పైకప్పుకు పొట్ట ఆనించినట్టు తిరుగుతుంది. మొదటి రోజు చూసి జబ్బు చేసిందేమోనని కంగారుపడ్డాను.

నా మొదటి పైప్‌ఫిష్ మూడు వారాలే బతికింది. ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించి అమ్మే చిన్న రొయ్యల్లాంటి జీవులు) బాగా తింటోందని అమ్మినతను చెప్పాడు. ఇంటికొచ్చాక అది మైసిస్ వంక చూడను కూడా లేదు. పైగా ట్యాంకులో సిక్స్‌లైన్ రాస్ అనే చేప ఉండేది, రాళ్ళమీద కోపెపాడ్లన్నీ (కంటికి కనిపించీ కనిపించని చిన్న జలజీవులు) అదే ఊడ్చేసింది. పైప్‌ఫిష్‌కు పళ్ళుండవు, జీర్ణాశయం కూడా ఉండదు. తిన్నది నిలవ ఉండదు కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా తింటూనే ఉండాలి. పొద్దున ఒకసారి వేసి ఆఫీసుకు పోతే కుదరదు. తప్పు నాదే.

రెండోసారి రాస్‌ను వేరేవాళ్ళకిచ్చేసి, రెఫ్యూజియంలో (చేపలు రాకుండా ట్యాంకుకు కలిపిన వేరే అరలో) నాచు వేసి, ఆరు నెలలు కోపెపాడ్లను పెరగనిచ్చాను. కళ్ళెదుట తింటేనే కొంటానని పట్టుబట్టి ఆడ, మగ జంటను తెచ్చాను. రెండూ మగవైతే కొట్టుకుంటాయి. వాటి తిండికి ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవులు) పొదిగించాను. ఆర్టీమియా గుడ్లు 28 డిగ్రీల ఉప్పునీటిలో ఒక రోజులో పొదుగుతాయి. పొదిగిన వెంటనే వేయాలి, ఆలస్యమైతే వాటిలో సత్తువ తగ్గిపోతుంది. నెల తర్వాత ఆ ఆర్టీమియా పిల్లల్లో ఫ్రోజెన్ కోపెపాడ్లు కలిపి అలవాటు చేశాను. ఇప్పుడు రోజుకు మూడుసార్లు వేస్తున్నాను.

తినేటప్పుడు చూడాలి. రెండు కళ్ళూ దేనికది తిరుగుతుంటాయి. ఎర దగ్గర ఆగి, రెండు క్షణాలు కదలకుండా పరీక్షగా చూస్తుంది. తర్వాత తల చటుక్కున పైకి ఎగురుతుంది, ఎర మాయం. పీల్చేయడం మన కంటికి అందదు. అప్పుడప్పుడు పక్కనున్న కార్డినల్ చేప ఒంటిమీద కూడా ముక్కుతో ఏదో ఏరుతుంటుంది. అదేమో కదలకుండా నిలబడుతుంది!

వేవ్‌మేకర్‌కు (ట్యాంకులో నీటిని కదిలించే పంపుకు) సన్నటి జాలి కట్టక తప్పదు. కుట్టే ఎనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్రజీవులు) వద్దు. తిండిలో పోటీకొచ్చే చేపలూ వద్దు, మాండరిన్ చేపతో సహా. మూత లేకపోతే బయటికి దూకుతుందేమోనని రాత్రుళ్ళు టెన్షనే.

గుడ్లు మోసేది మగదే. సీహార్స్‌కున్నట్టు మూసిన సంచి లేదు, పొట్ట కిందే అంటించుకుని తిరుగుతుంది, ఎర్రటి చుక్కలు బయటికే కనిపిస్తాయి. పిల్లల్ని పెంచాలని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ వారం దాటలేదు.

ఊరెళ్ళడమే అన్నిటికన్నా కష్టం. ఆర్టీమియా పొదిగించడం మా తమ్ముడు నేర్చుకున్నాకే నేను నాలుగు రోజులు ఇల్లు వదలగలిగాను. రెండో రోజు రాత్రి ఫోన్ చేశాడు. నేనెలా ఉన్నానో అడగలేదు. "అన్నయ్యా, మగదాని పొట్ట కింద మళ్ళీ గుడ్లున్నాయి" అన్నాడు.