మీటింగ్ నోట్స్ రాసే ఏఐ టూల్స్: బెంగళూరులో తెలుగు టీమ్‌తో చాలాకాలం వాడాక

మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఏ ఆఫీసు తీసుకున్నా, తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టీమ్‌లో మీటింగ్ నడిచే తీరు దాదాపు ఒకటే. క్లయింటు ఉన్నంతసేపు ఇంగ్లీషు. క్లయింటు కాల్ వదిలిన మరుక్షణం "సరే, ఇప్పుడిది ఎవరు చూస్తారు?" అని తెలుగు మొదలవుతుంది. కన్నడ, తమిళ సహోద్యోగులుంటే మధ్యలో హిందీ కూడా తొంగిచూస్తుంది. పని పంపకాలన్నీ ఆ రెండో సగంలోనే తేలతాయి. నోట్స్ రాసే టూల్స్ చాలావరకు చేతులెత్తేసేది కూడా అక్కడే.

అందుకే ఒక మాట ముందే చెప్పేస్తాను. డెమోలో సమ్మరీ ఎంత ముచ్చటగా ఉందో చూసి టూల్ కొనకండి. సమ్మరీ ఇప్పుడు అన్నీ బాగానే రాస్తున్నాయి. చూడాల్సినవి రెండు: అది గొంతుల్ని ఎక్కడి నుంచి పట్టుకుంటుంది, తెలుగు కలిసిన మాటని ఏం చేస్తుంది.

గొంతు పట్టుకునే పద్ధతులు మూడు

మొదటిది బాట్. ఆటర్, ఫైర్‌ఫ్లైస్, ఫాథమ్ లాంటివి ప్రధానంగా ఈ దారిలో పెరిగినవే. క్యాలెండర్ చూసుకుని, మీటింగ్ టైముకి ఒక సభ్యుడిలా లోపలికొచ్చి కూర్చుంటాయి. మీట్ అయినా జూమ్ అయినా టీమ్స్ అయినా ఒకేలా పనిచేయడం వీటి బలం. కానీ వీటితో వచ్చే తలనొప్పులన్నీ సెట్టింగుల్లోనే ఉంటాయి. క్యాలెండర్ కలిపిన వెంటనే చాలా టూల్స్‌లో 'అన్ని మీటింగుల్లో చేరు' అన్నది ఆన్ అయి ఉంటుంది. అప్రైజల్ మాట్లాడుకునే కాల్‌కి, హెచ్ఆర్ కాల్‌కి కూడా బాట్ వచ్చి లాబీలో నిలబడుతుంది. అంతకంటే ప్రమాదం, మీటింగ్ అయ్యాక నోట్స్ ఆహ్వానం అందుకున్న ప్రతి ఒక్కరికీ ఈమెయిల్‌లో వెళ్లిపోవడం. క్లయింటు వెళ్లిపోయాక మనలో మనం ఖర్చు గురించి మాట్లాడుకున్న పది నిమిషాలు కూడా అందులో ఉంటాయి.

కాబట్టి ఖాతా తెరిచిన రోజే మూడు మార్పులు చేసుకోవాలి. ఆటో జాయిన్‌ని 'నేను ఏర్పాటు చేసిన మీటింగులు మాత్రమే' అని మార్చాలి. నోట్స్ పంపడం 'నాకు మాత్రమే' అని పెట్టాలి. క్లయింటు కాల్ వదలగానే ఆ మీటింగ్ ముగించి, లోపలి చర్చకి వేరే లింకులో కలవాలి. ఈ మూడోది సెట్టింగు కాదు, అలవాటు. కానీ అన్నిటికన్నా ఎక్కువగా కాపాడేది ఇదే.

ఉద్యోగం మానేసినవాళ్ల బాట్ ఇంకా మీటింగుల్లోకి వస్తోందన్న ఫిర్యాదు మీరు వినే ఉంటారు. వాళ్లు టూల్‌కిచ్చిన క్యాలెండర్ అనుమతి రద్దు కాకపోవడమే కారణం. టూల్ వైపు నుంచి ఖాతా తీసేస్తే సరిపోదు. గూగుల్ ఖాతాలో థర్డ్ పార్టీ యాప్స్ జాబితాలోంచి కూడా తీసేయాలి. కంపెనీ ఖాతాలైతే గూగుల్ వర్క్‌స్పేస్ అడ్మిన్ ఏ యాప్‌కి అనుమతివ్వాలో ఒకేచోట కట్టడి చేయొచ్చు. ఇలాంటి టూల్ కొనేముందు ఐటీ వాళ్లతో ఈ ఒక్క విషయం మాట్లాడుకోవడం తప్పనిసరి.

రెండోది, మీటింగ్ యాప్‌లోనే ఉండే నోట్స్. జూమ్ ఏఐ కంపానియన్ 2023లో వచ్చింది, డబ్బు కట్టే ప్లాన్లకి అదనపు ఖర్చు లేకుండా. గూగుల్ మీట్‌లో జెమిని నోట్స్ 2024లో మొదలైంది, అప్పుడు ఇంగ్లీషుకే. టీమ్స్‌లో ప్రీమియం గానీ కోపైలట్ గానీ ఉంటే రీక్యాప్ (మీటింగ్ సారాంశం) వస్తుంది, మాటల్ని అక్షరాల్లో పెట్టే ట్రాన్‌స్క్రిప్షన్ ఆన్ చేసి ఉంటేనే. వీటికి పెద్ద సుగుణం ఒకటుంది. ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా యాప్‌కి అందుతుంది కాబట్టి ఎవరి లాప్‌టాప్‌తో వాళ్లు చేరితే, ఎవరు ఏమన్నారో పేర్లు తారుమారు కావు. బాట్ కనిపించదు, క్లయింటు సెక్యూరిటీ వాళ్లు ప్రశ్నలు పంపరు. నోట్స్ ఎక్కడికి పోతాయో మాత్రం తెలిసి ఉండాలి. మీట్ నోట్స్ మీటింగ్ ఏర్పాటు చేసిన వ్యక్తి డ్రైవ్‌లో డాక్‌గా చేరి, క్యాలెండర్ ఈవెంట్‌కి జతవుతాయి. ఆ వ్యక్తి మానేసి ఖాతా మూసేస్తే మీ నోట్స్ సంగతి ముందే ఆలోచించుకోవాలి. టీమ్స్ రికార్డింగ్, ఛానెల్ మీటింగ్ కాకపోతే, మీటింగ్ ఏర్పాటు చేసినవాళ్ల వన్‌డ్రైవ్‌లో ఉంటుంది. అడ్మిన్ మార్చకపోతే 120 రోజులకి గడువు తీరిపోతుంది.

మూడోది, మన లాప్‌టాప్ శబ్దాన్నే వినే పద్ధతి. గ్రనోలా అనే టూల్ ఈ దారిలో పేరు తెచ్చుకుంది: బాట్ రాదు, ఆడియో దాచదు, మనం రాసుకున్న నాలుగు ముక్కల చుట్టూ నోట్స్ అల్లుతుంది. రాసుకునే అలవాటున్నవాళ్లకి నాకు నచ్చిన పద్ధతి ఇదే. కానీ దీని హద్దులు తెలుసుకుని దిగాలి. టూల్‌కి అందేవి రెండే దారులు: మన మైకు, మన స్పీకరు. అవతల ఆరుగురున్నా అందరూ ఒకే ముద్ద. హెడ్‌సెట్ లేకుండా స్పీకర్ పెట్టి వింటే అవతలి మాట మళ్లీ మైకులోకి దూరి, ఒకే వాక్యం రెండుసార్లు పడుతుంది, రెండోసారి మీ పేరుతో. మీటింగ్ మధ్యలో బ్లూటూత్ నుంచి లాప్‌టాప్ మైకుకి మారితే కొన్ని టూల్స్ అక్కడితో వినడం ఆపేస్తాయి, హెచ్చరిక కూడా ఉండదు. మ్యాక్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో సిస్టమ్ ఆడియో రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి. కంపెనీ లాప్‌టాప్‌ల్లో అది తరచు తాళం వేసి ఉంటుంది. ఆడియో ఉండదు కాబట్టి ఎవరో చెప్పిన అంకె పదిహేనా యాభయ్యా అని తర్వాత విని తేల్చుకునే వీలూ ఉండదు.

అంకెలు తప్పడానికి అసలు కారణం

ఫిఫ్టీన్, ఫిఫ్టీ తారుమారయ్యాయని మోడల్‌ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు హెడ్‌సెట్‌ది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ అవగానే అది కాల్ ప్రొఫైల్‌కి మారి, శబ్దం నాణ్యత (శాంపిలింగ్ రేటు) 16 కిలోహెర్ట్జ్‌కి, పాతవాటిలో 8కి పడిపోతుంది. 8 దగ్గర స, ష, ఫ లాంటి హల్లుల పదును పోతుంది. ఓలా క్యాబ్‌లో ఔటర్ రింగ్ రోడ్ హారన్ల మధ్య నుంచి మాట్లాడితే ఇక చెప్పేదేముంది. డబ్బు, తేదీలు మాట్లాడేవాళ్లు వైరు హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు, ఖరీదైన ప్లాన్ ఇవ్వలేని మెరుగుదల అక్కడే దొరుకుతుంది.

కాన్ఫరెన్స్ రూమ్ మరో చిక్కు. బల్ల మధ్యలో ఒకే మైకు, చుట్టూ ఐదుగురు. ఏ పద్ధతైనా అందరినీ ఆ గది పేరుతోనే రాస్తుంది, లేదా గొంతుల తేడా ఊహించి 'స్పీకర్ 1, స్పీకర్ 2' అంటుంది. ఒకరి మాట మీద ఒకరు పడితే ఆ ఊహ చెదిరిపోతుంది. యాప్‌లోని నోట్స్ వాడుతుంటే ఎవరి లాప్‌టాప్‌తో వాళ్లు చేరి, స్పీకర్లు పూర్తిగా ఆపేసి, మాట్లాడేటప్పుడు మాత్రం మైకు తెరవండి. గది స్పీకర్ ఒక్కటే మోగాలి. ఇంకో స్పీకర్ కూడా మోగితే ఆ శబ్దం మైకులోకి దూరి ఊళ పెడుతుంది.

తెలుగు కలిస్తే

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. చాలా టూల్స్ మీటింగ్‌కి ఒక్క భాషే అనుకుంటాయి. ఇంగ్లీషు అని పెట్టి తెలుగు మాట్లాడితే రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, తెలుగు వాక్యాల బదులు వినడానికి దగ్గరగా ఉండే ఇంగ్లీషు మాటలు పడతాయి. చదివితే నవ్వొస్తుంది కాబట్టి పట్టుబడిపోతుంది. రెండోది ప్రమాదకరం: తెలుగు ముక్కలు మాయమై, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలే మిగులుతాయి. "ప్రొడక్షన్‌కి థర్స్‌డే కుదరదు, క్యూఏ అయితే మండే చూద్దాం" అన్న మాటలో మిగిలేది ప్రొడక్షన్, థర్స్‌డే, క్యూఏ (అంటే టెస్టింగ్), మండే. సమ్మరీ ఆ నాలుగింటినీ చక్కగా కుట్టి 'గురువారం ప్రొడక్షన్ రిలీజ్, సోమవారం క్యూఏ' అని రాస్తుంది. వాక్యం నిర్దుష్టంగా ఉంటుంది, అర్థం తలకిందులు. 'కుదరదు' పోయింది కాబట్టి.

మీటింగ్ రికార్డు చేసి, ఆ ఫైల్ నుంచి సొంతంగా పాఠం తీసుకునేవాళ్లకి మంచి దారులున్నాయి. ఓపెన్‌ఏఐ 2022లో ఉచితంగా విడుదల చేసిన విస్పర్ మోడల్ తెలుగు వింటుంది, లాప్‌టాప్ దాటకుండా నడుస్తుంది. పెద్ద మోడల్‌కి దాదాపు 10 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి, దాని వేగవంతమైన రకం టర్బోకి 6 సరిపోతుంది. చిన్న మోడళ్లని తెలుగుకి వాడకండి, శ్రమ దండగ. నాలుగు జాగ్రత్తలు తీసుకోవాలి. భాష తెలుగు అని మనమే చెప్పాలి, ఎందుకంటే అది మొదటి 30 సెకన్లు విని భాష నిర్ణయిస్తుంది. 'గుడ్ మార్నింగ్ ఆల్' అంటూ మొదలైతే మీటింగ్ అంతా ఇంగ్లీషే అనుకుంటుంది. ఎవరూ మాట్లాడని చోట లేని వాక్యాలు పుట్టిస్తుంది కాబట్టి నిశ్శబ్దాన్ని కోసేసే వీఏడీ తప్పక ఆన్ చేయాలి. పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసే దాని టోకెనైజర్ తెలుగు అక్షరాలని మరీ చిన్నచిన్న ముక్కలు చేస్తుంది. ఒక విడతకి (30 సెకన్ల ఆడియోకి) 448 టోకెన్ల హద్దు ఉంది కాబట్టి గబగబా మాట్లాడే మనవాళ్ల వాక్యాల చివర్లు తెగిపోతాయి. ఆడియోని 10, 15 సెకన్ల ముక్కలుగా ఇస్తే ఆ బెడద తగ్గుతుంది. చివరగా, మొదట్లో ఇచ్చే ప్రాంప్ట్‌లో సభ్యుల పేర్లు, ప్రాజెక్టు పేర్లు రాయాలి; లేకపోతే చైతన్య, శ్రావ్య లాంటి పేర్లు ప్రతి పేజీలో ఒక్కో రకంగా వస్తాయి.

ఆడియోని 16 కిలోహెర్ట్జ్, మోనోకి మార్చి దాచుకోండి. గంటకి 115 ఎంబీ అవుతుంది, అంతకు మించి నాణ్యత ఇచ్చినా మోడల్ వాడుకోదు.

కోడ్ రాసేవాళ్లు టీమ్‌లో ఉంటే మన ఊరి సర్వం ఏఐ వాళ్ల మోడళ్లు ఒకసారి పరీక్షించాలి. సారస్ అనే మోడల్ తెలుగూ ఇంగ్లీషూ కలిసిన మాట విని నేరుగా ఇంగ్లీషు పాఠం ఇస్తుంది. మిశ్రమ భాషని దృష్టిలో పెట్టుకుని చేసినది కాబట్టి 'కుదరదు' లాంటివి నిలబడే అవకాశం ఎక్కువ. పొడుగు రికార్డింగుకి బ్యాచ్ పద్ధతి (ఫైలు ఇచ్చేసి, తర్వాత ఫలితం తీసుకోవడం) వాడాలి. ఆడియో బయటికి పంపకూడదనుకుంటే ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ విడుదల చేసిన ఓపెన్ మోడళ్లున్నాయి, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. రెండింటికీ బటన్ నొక్కితే పనయ్యే సౌకర్యం ఉండదు, ఎవరో ఒకరు కూర్చుని అమర్చాలి.

అదేదీ కుదరనివాళ్లకి, ఏ టూల్‌తోనైనా పనిచేసే ఉపాయం ఒకటుంది. చర్చ ఏ భాషలో జరిగినా సరే, చివరి రెండు నిమిషాలు ఒకరు తీర్మానాలని ఇంగ్లీషులో గట్టిగా చదవాలి: ఎవరు, ఏం పని, ఏ తేదీకి. 'వచ్చే శుక్రవారం' అనకుండా 'ఆగస్టు 14' అనాలి. లక్షలు, కోట్లు ఒక్కో అంకెగా చదవాలి. వద్దనుకున్నవాటిని కూడా 'ఇది చేయడం లేదు' అని పూర్తి వాక్యంగా చెప్పాలి. సమ్మరీలో ఆ రెండు నిమిషాలకే విలువ. దీనితో మరో లాభం, పని ఒప్పుకున్నవాళ్లు అక్కడే కాదనొచ్చు.

డబ్బు, ఒప్పుకోలు

ఉచిత ప్లాన్ లెక్క వేసుకుని చూడండి. ఆటర్ ఉచితంగా నెలకి 300 నిమిషాలు, ఒక్కో సంభాషణకి 30 నిమిషాలు ఇస్తుంది. రోజూ 15 నిమిషాల స్టాండప్ (ఎవరు ఏం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగ్), నెలకి 22 పనిదినాలు: 330. స్టాండప్ ఒక్కదానికే చాలదు. అందుకే స్టాండప్‌కి ఏ టూలూ వద్దని నా సలహా, అది చాట్‌లో మూడు వాక్యాల పని. నిమిషాలు క్లయింటు కాల్స్‌కి, డిజైన్ చర్చలకి దాచండి.

డాలర్లలో తలకింత చొప్పున కట్టేటప్పుడు ఆటో పేమెంట్ ఆగిపోవడం మామూలే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 15,000 రూపాయలు దాటిన ఆటో చెల్లింపుకి ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఏడాది ప్లాన్ పదిమందికి తీసుకుంటే ఆ గీత సులభంగా దాటుతుంది. రెన్యూవల్ తేదీ ఎవరో ఒకరు క్యాలెండర్‌లో పెట్టుకోకపోతే సరిగ్గా రిలీజ్ వారంలోనే ఖాతా ఉచిత ప్లాన్‌కి జారిపోతుంది.

రికార్డు చేస్తున్నామని చెప్పడం మర్యాద మాత్రమే కాదు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లోనే వచ్చింది. కాలిఫోర్నియా క్లయింటు అయితే అక్కడి చట్టం రహస్య సంభాషణ రికార్డు చేయడానికి అందరి ఒప్పుకోలూ కోరుతుంది. బాట్ కనిపించని టూల్స్ వాడేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి, అవతలివాళ్లకి తెలిసే దారి మీ నోరొక్కటే. ఆహ్వానంలో ఒక వాక్యం, మొదటి నిమిషంలో ఒక మాట.

ఎంచుకునేటప్పుడు పరీక్ష ఇలా పెట్టండి. ఒక క్లయింటు కాల్, ఒక తెలుగు ఇంగ్లీషు కలిసిన చర్చ, గదిలో అందరూ కూర్చున్న మీటింగ్ ఒకటి. మూడింటికీ ఒకరు చేత్తో మినిట్స్ రాయాలి. తర్వాత టూల్ నోట్స్ పక్కన పెట్టి నాలుగే సరిచూడండి: పని ఎవరిది, తేదీ, అంకె, 'కాదు' అన్న మాటలు. స్పెల్లింగులు పట్టించుకోకండి. 'చేస్తే బాగుంటుంది' అన్నది 'చేస్తారు' అయిందేమో వెతకండి, ప్రతి టూల్‌లోనూ ఒకటైనా దొరుకుతుంది.

అంతా ఇంగ్లీషే నడిచే టీమ్‌కి యాప్‌లో వచ్చేదే చాలు, వేరే కొనక్కర్లేదు. రకరకాల క్లయింట్లు రకరకాల యాప్‌లు వాడితే బాట్ తీసుకోండి, పైన చెప్పిన మూడు మార్పులతో. తెలుగు సగానికి మించిన మీటింగులకి రికార్డింగ్, ఆపైన తెలుగు వినే మోడల్. ఆడియోకి నెల రోజుల గడువు పెట్టి, సరిచూసిన నోట్స్‌ని మాత్రం ప్రాజెక్టు ఫోల్డర్లోకి మార్చుకోండి. వ్యక్తి డ్రైవ్‌లో కాదు, టీమ్ డ్రైవ్‌లో.