ఇంటర్‌ఫేస్ లోపలి ఇంటర్‌ఫేస్, దాని ఈవెంట్: టెస్టుకు ఏ నకిలీ మేలు?

సి షార్ప్‌లో కూలింగ్‌కంట్రోలర్ అనే క్లాసు ఉన్నదనుకుందాం. దాని కన్‌స్ట్రక్టర్ ఐడివైస్ అనే ఇంటర్‌ఫేస్‌ను (ఏ మెంబర్లు ఉండాలో మాత్రమే చెప్పే ఒప్పందం) తీసుకొని, అందులోని సెన్సర్ ప్రాపర్టీ ఇచ్చే ఐసెన్సర్‌కు చెందిన టెంపరేచర్‌చేంజ్డ్ ఈవెంట్‌కు సబ్‌స్క్రైబ్ అవుతుంది, అంటే ఉష్ణోగ్రత మారిందని ఆ సెన్సర్ పంపే సంకేతాన్ని వింటుంది. ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటగానే ఫ్యాన్ స్టార్ట్ చేస్తుంది. దీనికి యూనిట్ టెస్టు (ఒక్క క్లాసునే విడిగా పరీక్షించే కోడ్) రాయాలంటే లోపలి ఇంటర్‌ఫేస్‌కూ నకిలీ కావాలి, దాని ఈవెంట్‌ను మనమే రైజ్ చేయగలగాలి, అంటే ఆ సంకేతాన్ని మనమే పంపగలగాలి.

మాక్‌లు, అంటే నకిలీ ఆబ్జెక్టులు, తయారుచేసే మోక్ (Moq) లైబ్రరీతో ఏ సెటప్పూ చేయకుండా మొదలుపెడితే సెన్సర్ నల్‌గా (ఖాళీగా) వస్తుంది కనుక కన్‌స్ట్రక్టర్‌లోనే టెస్టు కూలిపోతుంది. డిఫాల్ట్‌వాల్యూ అనే సెట్టింగ్‌ను మాక్‌గా మారిస్తే లోపలి మాక్‌లు వాటంతటవే తయారవుతాయి. ఆపై రైజ్ మెథడ్‌కు ‘డి.సెన్సర్.టెంపరేచర్‌చేంజ్డ్ += నల్’ అనే లామ్డాను (పేరులేని చిన్న ఫంక్షన్‌ను) ఇవ్వాలి; ఆ నల్ ఏ ఈవెంట్ అన్నది చూపే గుర్తు మాత్రమే, అయినా కొత్తవారిని అది తికమక పెడుతూనే ఉంటుంది. ఇలాంటిదే మరో లైబ్రరీ అయిన ఎన్‌సబ్‌స్టిట్యూట్‌లో లోపలి ఇంటర్‌ఫేస్‌కు సెటప్ అక్కరలేదు, ఈవెంట్ రైజ్ చేసే లైను కూడా సబ్‌స్క్రైబ్ చేసినట్టే కనబడుతుంది. చదవడానికి నాకు ఇదే హాయి.

అయితే అసలు చిక్కు సింటాక్స్‌లో లేదు. ఒకసారి మోక్‌లో సెన్సర్ ప్రాపర్టీకి, ఏం తిరిగి ఇవ్వాలో చెప్పే రిటర్న్స్ లోపల లామ్డా రాసి, పిలిచిన ప్రతిసారీ కొత్త మాక్ తయారయ్యేలా చేశాను. కంట్రోలర్ ఒక సెన్సర్‌కు సబ్‌స్క్రైబ్ అయితే, నేను మరొక సెన్సర్‌పై ఈవెంట్ రైజ్ చేశాను. 85 డిగ్రీలకు ఫ్యాన్ తిరగాలన్న టెస్టు ఫెయిలయింది కనుక సగం రోజు పోయినా తప్పు దొరికింది. 60 డిగ్రీలకు ఫ్యాన్ తిరగకూడదన్న టెస్టు మాత్రం, వినేవారే లేని ఈవెంట్‌ను రైజ్ చేసి, దర్జాగా పాసయింది. సబ్‌స్క్రైబర్లు లేకపోతే ఈ రెండు లైబ్రరీల్లో ఏదీ దానికదిగా ఫిర్యాదు చేయదు.

అందుకే ఈవెంట్ కీలకమైన చోట లోపలి ఐసెన్సర్‌కు చేత్తో రాసిన ఫేక్ క్లాసునే ఎంచుకుంటాను. పదిహేను లైన్లకు మించని ఆ క్లాసులో, హ్యాండ్లర్ (ఈవెంట్‌ను వినే మెథడ్) ఒక్కటీ లేనప్పుడు ఎక్సెప్షన్ విసిరే రైజ్ మెథడ్ పెడితే పైన చెప్పిన దొంగ పాస్ సాధ్యం కాదు. కంట్రోలర్‌ను డిస్పోజ్ చేసిన (దాని పని ముగించిన) తర్వాత సబ్‌స్క్రిప్షన్ తొలగిందో లేదో నేరుగా అడగవచ్చు. ఇంటర్‌ఫేస్‌లో ఇరవై మెంబర్లు ఉంటే మాత్రం ఈ పని విసుగు, అక్కడ ఎన్‌సబ్‌స్టిట్యూటే నయం. బయటి ఐడివైస్‌కు ఏ లైబ్రరీ అయినా సరిపోతుంది, ఎప్పుడూ అదే ఫేక్‌ను తిరిగి ఇస్తే చాలు.

1987 నాటి డిమీటర్ నియమాన్ని (చేతిలో ఉన్న ఆబ్జెక్టుతోనే మాట్లాడాలి, దాని లోపలివాటితో కాదు) పాటించి కన్‌స్ట్రక్టర్‌కు ఐసెన్సర్‌నే నేరుగా అందిస్తే ఈ గొడవే ఉండదు కదా అనవచ్చు. చాలా కోడ్‌కు అదే సరైన మార్పు. కానీ కనెక్షన్ తెగి మళ్ళీ కలిసినప్పుడు డివైస్ కొత్త సెన్సర్‌ను ఇచ్చే పరిస్థితి ఉంటే, పాత సెన్సర్ ఈవెంట్‌ను వదిలి కొత్తదాన్ని పట్టుకోవడమే కంట్రోలర్ బాధ్యత. దాన్ని పరీక్షించడానికి రెండు ఫేక్ సెన్సర్లు పక్కపక్కన పెట్టుకోవడం కన్నా తేలికైన దారి నాకు కనబడలేదు.