ఉక్రెయిన్ పిల్లల కోసం హోప్ అండ్ హోమ్స్ ఫర్ చిల్డ్రన్‌కు నెలనెలా విరాళం: నా అభిప్రాయం

మూడేళ్లుగా నెలకు 20 పౌండ్ల చొప్పున హోప్ అండ్ హోమ్స్ ఫర్ చిల్డ్రన్ అనే బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థకు విరాళం ఇస్తున్నాను. ఉక్రెయిన్ అనాథాశ్రమాల్లోని పిల్లలకు ఏదైనా చేయాలని ఉందని, ఎవరికిస్తే సద్వినియోగమవుతుందో చెప్పమని నాతోపాటు ఆ దేశంలో వైద్యం చదివిన తెలుగు మిత్రులు తరచూ అడుగుతుంటారు కాబట్టి, ఈ సంస్థ పనితీరు గురించి నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ఉక్రెయిన్‌లోని విన్నిట్సియాలో చదువుకునే రోజుల్లో ఒక డిసెంబరు 19న, సెయింట్ నికొలస్ పండుగనాడు, తోటి విద్యార్థులతో కలిసి ఊరి బయట ఉన్న ఇంటర్నాట్‌కు వెళ్లాను. పిల్లల కోసం ప్రభుత్వం నడిపే వసతి గృహాలను అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. మేం పంచిన కమలాపండ్లను అందరూ అక్కడికక్కడే ఒలుచుకుని తింటుంటే, ఏడెనిమిదేళ్ల కుర్రవాడొకడు మాత్రం తనకిచ్చిన రెండింటినీ స్వెటర్ లోపల దాచుకున్నాడు. ఎందుకు తినలేదని నాకొచ్చిన కొద్దిపాటి భాషలో అడిగితే, ఆదివారం అమ్మ వస్తుందని, ఒకటి అమ్మకు, ఒకటి చెల్లికి అని చెప్పాడు. అమ్మ ఉన్న బిడ్డ అక్కడెందుకున్నాడని అడగాలన్న ఆలోచన కూడా ఆనాడు నాకు రాలేదు.

నిజానికి అక్కడ ఎక్కువమంది అలాంటి పిల్లలే. 2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టేనాటికి ఉక్రెయిన్‌లో ఇలాంటి సుమారు 700 వసతి గృహాల్లో దాదాపు 90,000 మంది పిల్లలుండగా, వారిలో పదింట తొమ్మిది మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఇంట్లో గడవకపోవడం, తాగుడు, బిడ్డకు వైకల్యం ఉంటే దగ్గరలో తగిన బడి గానీ వైద్యం గానీ లేకపోవడం వంటి కారణాలే వారిని అక్కడికి చేర్చాయి. సోవియట్ కాలం నుంచి వచ్చిన ఈ పద్ధతిలో పిల్లల సంఖ్యను బట్టి వసతి గృహానికి నిధులు, ఆ నిధుల మీద చుట్టుపక్కల ఊళ్లవారికి ఉద్యోగాలు ఉంటాయి గనుక, బిడ్డను ఇంటికి పంపాలన్న తొందర ఎవరికీ ఉండదు. దీనికి తోడు యుద్ధం గోరుచుట్టుపై రోకటిపోటైంది. వేలమందిని హడావిడిగా ఇళ్లకు పంపేశారు, ఆ ఇల్లు ఎలా ఉందో చూసినవారు తక్కువ.

హోప్ అండ్ హోమ్స్ నాకు నచ్చింది సరిగ్గా ఇక్కడే. 1994లో మార్క్ కుక్, కరొలైన్ కుక్ దంపతులు దీన్ని స్థాపించినప్పుడు యుద్ధంలో దెబ్బతిన్న అనాథాశ్రమాలను బాగుచేయడంతో పని మొదలైంది. తర్వాత, ఎంత బాగుచేసినా భవనం ఇల్లు కాలేదని గ్రహించి దారి మార్చుకున్నారు. ఉక్రెయిన్‌లో 1998 నుంచి పనిచేస్తున్నారు. కుటుంబం విడిపోయే ప్రమాదమున్న ఇంటికి సామాజిక కార్యకర్త వెళ్లి, అక్కడ లోటు ఏమిటో కనుక్కుని, అది పొయ్యి మరమ్మతు అయినా, మంచం అయినా, తల్లికి చికిత్స అయినా దానికి సాయం చేస్తారు. సొంత ఇంటికి వెళ్లే వీలు లేని పిల్లలకు పెంపుడు కుటుంబాలను సిద్ధం చేస్తారు. ఉక్రెయిన్ చట్టంలో కుటుంబ తరహా బాలగృహం అనే ఏర్పాటు కూడా ఉంది. అందులో ఒకే దంపతుల దగ్గర పదిమందికి మించకుండా పిల్లలు పెరుగుతారు. పసితనంలోనే అనాథాశ్రమం నుంచి కుటుంబానికి మారిన బిడ్డల ఎదుగుదల మెరుగ్గా ఉంటుందని రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో 136 మంది చిన్నారులతో మొదలైన అధ్యయనం చూపింది. వైద్యుణ్ని గనుక నాకు ఆ ఫలితాల మీద గురి ఎక్కువ.

ఇంతకుముందు, 2022 వేసవిలో, మరొక బృందానికి డబ్బు పంపి నిరాశపడ్డాను. నాకు తిరిగి వచ్చిందల్లా బ్యానర్ పట్టుకున్న కార్యకర్తల ఫోటోలు, బొమ్మల పెట్టెల ముందు వరుసగా నిలబెట్టిన పిల్లల ముఖాలు. లెక్కలు అడిగితే జవాబు రాలేదు. ఆ పిల్లల ముఖాలను అలా అందరికీ చూపించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అయితే ఇంటర్నాట్‌లలో ఈ క్షణాన ఉన్న పిల్లలను, ముఖ్యంగా తీవ్ర వైకల్యం ఉన్నవారిని, మరిచిపోకూడదు. విద్యుత్ కేంద్రాల మీద దాడులు జరిగే చలికాలంలో వారికి జనరేటర్లు, డైపర్లు, మందులు కావాలి. వాటికి ఇచ్చేవారిని నేను వారించను. తాము విరాళమిచ్చే సంస్థ పిల్లలను ఇళ్లకు చేర్చే ప్రయత్నం కూడా చేస్తోందా అని మాత్రం అడగమంటాను. మీ డబ్బు ఫలానా బిడ్డకే చేరిందని తెలుసుకోవాలనుకుంటే మాత్రం కుటుంబాలకు సాయపడే హోప్ అండ్ హోమ్స్ పద్ధతి మీకు తృప్తినివ్వదు. ఒక కుటుంబం నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది.

బ్రిటన్‌లో పన్ను కట్టేవారు గిఫ్ట్ ఎయిడ్ అనే పథకానికి అంగీకారం తెలిపితే 20 పౌండ్లకు ప్రభుత్వం మరో 5 కలుపుతుంది. భారత్ నుంచి నేరుగా విదేశీ సంస్థకు పంపితే విరాళాలకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అది తెలిసే ఇవ్వాలి.